కిడ్నీల జబ్బును కనిపెట్టిన రిచర్డ్ బ్రైట్

ఈసారి గోడపత్రికకు ఒక గొప్పవాళ్ళ జీవితం రాయమని మేడం చెప్పినప్పుడు తరగతిలో సగం మంది బళ్ళారి రాఘవ పేరు చెప్పారు. తక్కినవాళ్ళు కోలాచలం శ్రీనివాసరావు గారు, ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు అన్నారు. మన ఊరి నాటకం అంటే ఆ ముగ్గురే కదా. నేను మాత్రం ఇంగ్లండులో పుట్టి, ఇంగ్లండులోనే పోయిన ఒక డాక్టరు గురించి రాస్తానన్నాను. ఆయనకు బళ్ళారి అనే ఊరు ఉందని కూడా తెలిసుండదు. మేడం ఎందుకని అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

మా నాయన లారీ డ్రైవరు. సండూరు కొండల నుంచి ఇనుప రాయి తోలేవాడు. ఇప్పుడు వారానికి రెండు పొద్దులు డయాలసిస్ మిషను పక్కన పడుకుంటాడు. ఒక్కోసారి నాలుగు గంటలు. తోడుగా నేనో అమ్మో పోతాము. నర్సమ్మ కన్నడంలో అడుగుతుంది, నాయన తెలుగులో చెప్తాడు, ఇద్దరికీ బాగానే అర్థమవుతుంది. ఆ నాలుగు గంటలు ఏం చేయాలో తోచక నేను మిషను వైపే చూస్తా ఉంటాను. ఒక రోజు డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరును అడిగాను. కాళ్ళు వాస్తే, మొగం ఉబ్బితే, తప్పు కాళ్ళలోనో మొగంలోనో లేదు, వీపు వెనక దాక్కున్న కిడ్నీల్లో ఉందని మొదట ఎవరు కనిపెట్టారని. ఆయన బ్రైట్ అని ఒక పేరు చెప్పి, వందేళ్ళ కిందటి దాకా ఈ జబ్బును బ్రైట్ జబ్బు అనే పిలిచేవాళ్ళని చెప్పి పక్క మంచం దగ్గరికి పోయారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను చదవడం మొదలుపెట్టాను. చదివినదంతా ఇక్కడ రాస్తున్నాను.

బ్రిస్టల్ వ్యాపారి కొడుకు

రిచర్డ్ బ్రైట్ 1789 సెప్టెంబరు 28న ఇంగ్లండులోని బ్రిస్టల్ రేవు పట్టణంలో పుట్టాడు. ఫ్రాన్సులో విప్లవం వచ్చిన ఏడాది అది. మన వైపు టిప్పు సుల్తాను రాజ్యం చేస్తున్న కాలం. తండ్రి పేరు కూడా రిచర్డ్ బ్రైటే. పెద్ద వ్యాపారి, బ్యాంకులో భాగస్తుడు. పిల్లలకు చదువు, పుస్తకాలు, రాళ్ళూ మొక్కలూ సేకరించే సరదా అన్నీ ఆ ఇంట్లోనే అబ్బాయి.

ఒక సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి. ఆ కాలంలో బ్రిస్టల్ ధనవంతుల డబ్బు ఎక్కువగా వెస్టిండీస్ చక్కెర వ్యాపారం నుంచి, బానిసల వ్యాపారం నుంచి వచ్చింది. బ్రైట్ కుటుంబం కూడా అందుకు బయటిది కాదు. తర్వాత లండన్ బీదల మంచాల పక్కన గంటల తరబడి నిలబడిన ఈ మనిషి చదువుకైన ఖర్చులో, ఎక్కడో జమైకా చెరకు తోటల్లో పనిచేసినవాళ్ళ చెమట కూడా ఉంది. గొప్పవాళ్ళ జీవితం రాసేటప్పుడు ఇలాంటివి వదిలేస్తే అది పొగడ్త అవుతుంది, జీవితం కాదు.

1808లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరాడు. మొదట చదివింది వైద్యం కాదు. తత్త్వశాస్త్రం, అర్థశాస్త్రం, లెక్కలు. ఏడాది తర్వాత వైద్యానికి మారాడు. అందులో కుదురుకునే లోపలే 1810లో ఒక ప్రయాణం తగిలింది. సర్ జార్జ్ మెకంజీ అనే ఆయన ఐస్‌లాండుకు పోతూ, హెన్రీ హాలండ్ అనే ఇంకో వైద్య విద్యార్థితో పాటు బ్రైట్‌ను కూడా తీసుకుపోయాడు. అగ్నిపర్వతాలు, మంచు, ఉడికే నీటి బుగ్గలు. అక్కడి మొక్కలను, జంతువులను గమనించి రాసే పని బ్రైట్ వంతు అయింది. ఇరవై ఒకటో ఏడు కూడా నిండని కుర్రాడు మంచులో కూర్చుని, కనిపించిన ప్రతిదాన్నీ ఉన్నది ఉన్నట్టు గీయడం, రాయడం నేర్చుకున్నాడు. తర్వాత ఆయన్ను గొప్పవాణ్ణి చేసింది ఈ అలవాటేనని నాకనిపిస్తుంది. చూసిన దానికి ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా రాసిపెట్టుకోవడం.

గైస్ ఆస్పత్రి

ఐస్‌లాండు నుంచి వచ్చాక లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో పని నేర్చుకున్నాడు. ఈ ఆస్పత్రి కథ కూడా వినదగినదే. థామస్ గై అని ఒక పుస్తకాల వ్యాపారి. బైబిళ్ళు అచ్చువేసి అమ్మాడు. సౌత్ సీ కంపెనీ షేర్లు కొని, ఆ కంపెనీ కూలిపోకముందే అమ్మేసి, చాలా డబ్బు చేసుకున్నాడు. ఆ డబ్బుతో 1721లో ఈ ఆస్పత్రి మొదలుపెట్టాడు. వేరే ఆస్పత్రులు ఇక నయం కాదని పంపించేసిన బీదలకు ఇక్కడ చోటు ఉండాలని ఆయన ఉద్దేశం. పుస్తకాలు అమ్మినవాడి డబ్బుతో ఆస్పత్రి లేచిందని చదివినప్పుడు, సాహిత్యం చదివే మనకు కొంచెం సంతోషమే కదా.

1813లో ఎడింబరో నుంచి బ్రైట్ ఎం.డి. పట్టా తీసుకున్నాడు. చర్మం ఎర్రబారి పాకే ఒక జబ్బు మీద లాటిన్‌లో సిద్ధాంత వ్యాసం రాశాడు. మరుసటి ఏడాది యూరప్ తిరగడానికి బయల్దేరాడు. నెపోలియన్ ఓడిపోయాక రాజులందరూ వియన్నాలో కూర్చుని దేశాల సరిహద్దులు గీసుకుంటున్న రోజులవి. బ్రైట్ ఆ పండగంతా చూసి, ఆస్పత్రులూ చూసి, అక్కడి నుంచి హంగరీ పల్లెల్లోకి పోయాడు. ద్రాక్షతోటలు, గొర్రెల మందలు, జిప్సీల భాష, ఖైదీల బతుకు, అన్నీ రాసుకున్నాడు. ఆ ప్రయాణం మీద ఆయన రాసిన లావుపాటి పుస్తకం 1818లో వచ్చింది. అందులో బొమ్మలు కొన్ని ఆయన గీసినవే. తిరిగి వచ్చే దారిలో బ్రస్సెల్స్ దగ్గర ఆగాడు. వాటర్లూ యుద్ధం ముగిసిన రోజులవి, ఆస్పత్రుల నిండా గాయపడిన సిపాయిలు.

సరిహద్దు జిల్లాలో పుట్టిన మనకు ఆ వియన్నా ముచ్చట కొంచెం తెలిసినట్టే ఉంటుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు వైపు వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర వైపు పోయాయి. పెద్దవాళ్ళు గీతలు గీస్తారు. జబ్బు చేసినవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆ గీత దాటి రాయదుర్గం నుంచి, గుంతకల్లు నుంచి బళ్ళారి ఆస్పత్రికి వస్తానే ఉన్నారు. మా నాయన పక్క మంచం ఆయనది ఆలూరు దగ్గర పల్లె.

లండన్ తిరిగొచ్చి జ్వరాల ఆస్పత్రిలో చేరిన బ్రైట్‌కు అక్కడి జ్వరమే తగులుకుంది. చావు దాకా పోయి వచ్చాడు. 1820లో గైస్ ఆస్పత్రిలో సహాయ వైద్యుడయ్యాడు, 1824లో పూర్తి స్థాయి వైద్యుడయ్యాడు. 1822లో మార్తా బాబింగ్టన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె తండ్రి కూడా పేరున్న డాక్టరే. మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. కాన్పయిన కొద్ది రోజులకే మార్తా చనిపోయింది. భర్త డాక్టరు, తండ్రి డాక్టరు, ఊరు లండన్. అయినా ఆమెను కాపాడలేకపోయారు. అప్పటి వైద్యం అంతే ఉండేది. 1826లో బ్రైట్ ఎలైజా ఫాలెట్‌ను చేసుకున్నాడు. ఆమెతో పిల్లలు కలిగారు. వాళ్ళలో ఒకరు తండ్రిలాగే డాక్టరు, ఇంకొకరు చరిత్ర పండితుడు అయ్యారు.

నీరు పట్టిన మనుషులు

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

ఆ కాలంలో ఒళ్ళంతా నీరు పట్టి ఉబ్బిపోయే జబ్బును ఒక్క జబ్బుగానే లెక్కేసేవాళ్ళు. మన ఊళ్ళలో నీరు దిగింది, ఉబ్బు వచ్చింది అంటారు కదా, అట్లే. మన ఆయుర్వేదంలో శోథ, జలోదరం అని పేర్లున్నాయి. నీరు ఎందుకు పడుతుందో ఎవరికీ సరిగా తెలీదు. ఒకరు రక్తం చెడిందంటారు, ఒకరు కాలేయం అంటారు, ఇంకొకరు చలి తగిలిందంటారు. పొట్ట గుచ్చి నీరు తీసేవాళ్ళు, రక్తం తీసేవాళ్ళు, విరేచనాలకు ఇచ్చేవాళ్ళు. మళ్ళీ నీరు పట్టేది.

బ్రైట్‌కు ముందే కొందరికి ఒక సంగతి కనబడింది. ఇటలీలో కొటూన్యో, ఇంగ్లండులో వెల్స్, బ్లాకల్ అనే డాక్టర్లు, నీరు పట్టినవాళ్ళలో కొందరి మూత్రాన్ని కాస్తే అది గడ్డకడుతుందని గమనించారు. కోడిగుడ్డు తెల్లసొనను వేడి చేస్తే ఎట్ల తెల్లగా ముద్ద కడుతుందో అట్ల. రెండింటిలోనూ ఉండేది ఆల్బుమిన్ జాతి మాంసకృత్తే. మంచి ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రం కాస్తే అట్ల కాదు. అంతవరకు చూశారు. కానీ ఆ మాంసకృత్తి మూత్రంలోకి ఎందుకొస్తోందో, ఎక్కడి నుంచి కారుతోందో వాళ్ళు తేల్చలేదు.

బ్రైట్ చేసింది చూస్తే చాలా మామూలు పని. నీరు పట్టిన రోగి వార్డులో చేరగానే కొంచెం మూత్రం చెంచాలో పోసి, కొవ్వొత్తి మంట మీద పట్టేవాడు. గడ్డకట్టిందా లేదా అని రాసుకునేవాడు. ఆ రోగి వయసు, పని, అలవాట్లు, జబ్బు ఎప్పుడు మొదలైంది, నాడి ఎట్లుంది, అంతా రాసుకునేవాడు. రోగి చనిపోతే, చాలామంది చనిపోయేవాళ్ళు, శవపరీక్ష గదికి తనే పోయి ఒళ్ళు కోసి చూసేవాడు. గుండె, కాలేయం, కిడ్నీలు. బొమ్మలు గీయించేవాడు, రంగులు వేయించేవాడు. మళ్ళీ వార్డులో రాసుకున్న కాగితం పక్కన పెట్టి పోల్చేవాడు.

ఒకరిద్దర్ని చూసి ఏమీ చెప్పలేదు. ఏళ్ళ తరబడి చూశాడు. చూడగా చూడగా మూడు సంగతులు కలిసి రావడం కనబడింది. ఒళ్ళు ఉబ్బడం, మూత్రం గడ్డకట్టడం, కిడ్నీలు చెడి ఉండడం. మూత్రం గడ్డకట్టని ఉబ్బు రోగుల్లో తప్పు గుండెలోనో కాలేయంలోనో కనబడింది. గడ్డకట్టినవాళ్ళలో మాత్రం కిడ్నీలే. కొందరివి ఉబ్బి పాలిపోయి, కొందరివి ముడుచుకుని, పైన గరుకుగా, గట్టిగా మారిపోయి ఉన్నాయి. 1827లో ఆయన ఈ సంగతులన్నీ రంగు బొమ్మలతో సహా పుస్తకంగా అచ్చు వేయించాడు. రెండో సంపుటం 1831లో వచ్చింది. అందులో ఎక్కువగా మెదడు, నరాల జబ్బుల గురించి రాశాడు.

ఇప్పుడు మనకు తెలిసిన దాన్ని బట్టి చెప్పుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల సన్న జల్లెడలు ఉంటాయి. రోజుకు దగ్గర దగ్గర 180 లీటర్ల నీరు వాటిలో వడకడుతుంది. దాంట్లో చాలావరకు మళ్ళీ రక్తంలోకే పోయి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి వస్తుంది. జల్లెడ బాగుంటే మాంసకృత్తులు రక్తంలోనే నిలుస్తాయి. జల్లెడ చిరిగితే కారిపోతాయి. మూత్రంలో నురగ వస్తుంది. ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి. పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్ళ వాపు. బ్రైట్‌కు ఈ జల్లెడల సంగతి ఇంత వివరంగా తెలీదు. కానీ చిల్లు ఏ ఇంట్లో ఉందో వేలు పెట్టి చూపించింది ఆయనే.

ఒంటరిగా చేశాడని కూడా అనుకోవద్దు. రసాయన పరీక్షలు తనకు అంతగా రావని ఆయనకు తెలుసు. జాన్ బోస్టాక్ అనే స్నేహితుడి చేత రోగుల రక్తం, మూత్రం పరీక్ష చేయించాడు. మూత్రంలో పోవలసిన యూరియా రక్తంలో చేరుతోందని ఆ పరీక్షల్లోనూ, ఎడింబరోలో క్రిస్టిసన్ చేసిన పరీక్షల్లోనూ తెలిసింది. ఈ రోజు మా నాయన రిపోర్టులో క్రియాటినిన్ పక్కన ఉండే యూరియా అంకె ఆ పరీక్షల వంశంలోదే.

1836లో గైస్ ఆస్పత్రి వాళ్ళు తమ సొంత పత్రిక మొదలుపెట్టారు. మొదటి సంపుటంలోనే బ్రైట్ వంద మంది రోగుల సంగతులు పట్టికగా వేశాడు. కిడ్నీలు చెడిన చాలామందిలో గుండె కూడా లావెక్కి ఉందని అందులో చూపించాడు. ఎందుకో అప్పటికి తెలీదు. రక్తపోటు కొలిచే పట్టీ ఇంకా పుట్టలేదు. అయినా బీపీకీ, కిడ్నీకీ, గుండెకూ ఉన్న ముడి మొదటిసారి ఆ పట్టికలోనే కనబడింది. 1842లో ఈ ఒక్క జబ్బు కోసమే రెండు వార్డులు తీసుకున్నాడు. మగవాళ్ళకు 24, ఆడవాళ్ళకు 18, మొత్తం 42 మంచాలు. పక్కనే మాట్లాడుకునే గది, పరీక్షల గది. రోగి మంచం పక్కనే పరిశోధన జరగాలనే పద్ధతి ఇప్పుడు పెద్ద ఆస్పత్రులన్నిటిలో ఉంది. అప్పటికది కొత్త.

పేరు, మనిషి

అదే ఆస్పత్రిలో అదే కాలంలో ఇంకో ఇద్దరు ఉండేవాళ్ళు, థామస్ అడిసన్, థామస్ హాజ్‌కిన్. ముగ్గురి పేర్లూ మూడు జబ్బులకు నిలిచిపోయాయి. వాళ్ళలో హాజ్‌కిన్ బానిసత్వానికి ఎదురు నిలిచినవాడు, వలస పాలనలో నలిగిపోయే జాతుల కోసం సంఘం పెట్టినవాడు. బ్రిస్టల్ డబ్బుతో పెరిగినవాడూ, ఆ డబ్బును తప్పుపట్టినవాడూ ఒకే గదిలో శవాల మీద వంగి పనిచేశారు. చరిత్ర అట్లే ఉంటుందేమో.

1837లో విక్టోరియా రాణి వైద్యుల్లో ఒకడిగా బ్రైట్ పేరు చేరింది. లండన్‌లో పెద్ద పెద్దవాళ్ళు ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. డబ్బు, పేరు రెండూ వచ్చాయి. ఆయనేమో నెమ్మదైన మనిషి. సిద్ధాంతాలు కట్టి వాదించే రకం కాదు. బొమ్మలన్నా ప్రయాణాలన్నా చివరి దాకా ఇష్టమే. 1840ల నడుమ గైస్ ఆస్పత్రి పని వదులుకున్నాడు. 1858 డిసెంబరు 16న, అరవై తొమ్మిదో ఏట, లండన్‌లో గుండె జబ్బుతో చనిపోయాడు. గుండె నుంచి పెద్ద రక్తనాళంలోకి తెరుచుకునే కవాటం గట్టిపడి ఇరుకైపోయిందని శవపరీక్షలో తేలింది. జీవితమంతా ఇతరుల ఒళ్ళు కోసి చూసిన మనిషి, తనదీ కోసి చూడటానికే ఇచ్చి పోయాడు.

తెలుసుకుని ఏం చేశాడు?

చదువుతా ఉంటే నాకు ఒక చోట కోపం వచ్చింది. ఇంత కనిపెట్టాడు, మరి నయం చేశాడా? లేదు. ఆయన చేతిలో మందు లేదు. ఆయన కూడా రక్తం తీయించాడు, విరేచనాలకు ఇచ్చాడు, వెచ్చగా ఉండమన్నాడు. అందులో కొన్ని రోగికి మేలు కంటే కీడే చేసుంటాయి. ఆ వంద మంది పట్టికలో చాలా పేర్ల కథ శవపరీక్ష గదిలోనే ముగిసింది. ఆయన పోయిన 28 ఏళ్ళకు, 1886లో, అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ మరణపత్రంలో డాక్టరు రాసిన కారణం కూడా బ్రైట్ జబ్బే. జబ్బుకు పేరుంది, మందు లేదు.

ఆ కోపం తగ్గడానికి ఇంకొంచెం చదవాల్సి వచ్చింది. 1925లో హార్వర్డులో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఫిస్కె అనే ఆయనతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కిడ్నీలు చెడినవాళ్ళలో ఫాస్ఫరస్ పెరిగి ఎముకలు దెబ్బతింటాయి. అందుకే నాయనకు ఆ పరీక్ష చేస్తా ఉంటారు. 1943లో హాలండులో, జర్మన్ల ఆక్రమణ కింద, కోల్ఫ్ అనే యువ డాక్టరు మాంసం కూరి అమ్మే సెల్లోఫేన్ గొట్టాలతో మొదటి కృత్రిమ కిడ్నీ చేశాడు. మొదట వరసగా రోగులు చనిపోయారు. 1945లో ఒక 67 ఏళ్ళ ముసలమ్మ బతికింది. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో కవల సోదరుల మధ్య కిడ్నీ మార్పిడి జరిగింది. 1966లో న్యూయార్కు డాక్టర్లు చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్టులా పద్ధతి చెప్పారు. 1971లో మన దేశంలో, మనోళ్ళంతా పోయే వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రిలో, కిడ్నీ మార్పిడి విజయవంతంగా జరిగింది.

నాయన ఎడమ చేతి మీద చెవి పెడితే జుమ్మని శబ్దం వస్తుంది. అది ఆ ఫిస్టులా. ఈ వరసలో ఏ ఒక్కరు కూడా, జబ్బు కిడ్నీలో ఉందని తెలీకుండా పని మొదలుపెట్టలేరు. బ్రైట్ వేసింది పునాది. పునాది వేసినవాడు ఇంట్లో కాపురం ఉండలేదని తప్పుపట్టలేము కదా.

ఇంకా వెతకాల్సిందీ ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటల పల్లెల్లో, షుగరూ బీపీ లేనివాళ్ళకు కూడా కిడ్నీలు చెడుతున్నాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అక్కడ కూడా ఎవరో ఒకరు బ్రైట్‌లాగా ఏళ్ళ తరబడి కూర్చుని రాసుకోవాల్సిందే.

మా ఇంటి సంగతి

నాయనకు నడుం నొప్పి. రోజంతా లారీలో, గుంతల రోడ్డు మీద కూర్చునే పని. మందుల అంగడిలో చీటీ లేకుండానే నొప్పి మాత్రలు ఇచ్చేవాళ్ళు. రోజుకు రెండు, ఒక్కోరోజు మూడు, ఏళ్ళ తరబడి మింగాడు. బీపీ ఉందని కూడా మాకు తెలీదు. కాళ్ళు వాస్తే ఎక్కువసేపు కూర్చున్నందుకే అనుకున్నాం. మూత్రంలో నురగ వస్తోందని నాయన ఎవరికీ చెప్పలేదు. అది చెప్పుకునే సంగతా అని సిగ్గు. వాంతులు పట్టుకుని ఆస్పత్రికి పోయేసరికి రెండు కిడ్నీలూ ముడుచుకుపోయి ఉన్నాయి. బ్రైట్ పుస్తకంలోని ముడుచుకుపోయిన కిడ్నీల గురించి చదివినప్పుడు నేను పుస్తకం మూసేశాను. మళ్ళీ రెండు రోజులకు తెరిచాను.

ఇప్పుడు అమ్మ తన కిడ్నీ ఇస్తానంటోంది. రక్తం గ్రూపు కలిసింది. నాయన వద్దంటాడు. అమ్మ వినదు. ఆమెకున్న ఒకే ఒక్క దిగులు, తను ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులు ఇంట్లో వంట ఎవరు చేస్తారని. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువని, తీసుకునేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువని చదివాను. వార్డులో చూసినా అట్లే ఉంది. పెండ్లాలు, తల్లులు, అక్కలు. ఇవ్వడం తప్పని నేను అనను. నాయన బతకాలి. అమ్మ ఇస్తే నేను ఆమె కాళ్ళకు దండం పెడతాను. కానీ ఆమెను అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆమె ఇస్తుందని అందరూ ముందే అనుకున్నారు. అది నాకు కష్టంగా ఉంది. అందుకని ఒక రాత్రి నేనే అడిగాను, నీకు భయం లేదామ్మా అని. భయముందని చెప్పింది. ఉన్నా ఇస్తానని చెప్పింది. ఆ మాట ఆమె నోటి నుంచి విన్నాక నా మనసు కొంచెం కుదుటపడింది.

ఇవ్వాలంటే ముందు అమ్మ కిడ్నీలు బాగున్నాయో లేదో చూడాలి. అన్ని పరీక్షల్లోకీ మొదట్లోనే చేసేది మూత్రంలో ఆల్బుమిన్ ఉందా అని. బ్రైట్ చెంచాలో చూసిందే ఇప్పుడు ల్యాబులో చూస్తారు. ఈ వారం అమ్మ శాంపిల్ ఇచ్చి వచ్చింది. రిపోర్టు వచ్చే వారం వస్తుంది. ఈ వ్యాసం గోడ మీద అతికించే నాటికి మాకు ఇంకా తెలీదు.

స్నేహితురాళ్ళారా, మీలో చాలామంది పల్లెల నుంచి వస్తున్నారు. ఇంటికి పోయినప్పుడు మీ నాయన, మీ అమ్మ కాళ్ళ వైపు ఒకసారి చూడండి. చీలమండ పైన వేలితో నొక్కితే గుంత పడి అట్లే నిలుస్తోందేమో చూడండి. పొద్దున కళ్ళ కింద ఉబ్బు ఉందా, మూత్రంలో నురగ ఆగకుండా వస్తోందా అని సిగ్గుపడకుండా అడగండి. బీపీ, షుగరు ఉన్నవాళ్ళకు ఏడాదికొకసారి మూత్ర పరీక్ష, క్రియాటినిన్ పరీక్ష చేయించండి. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా రోజూ మింగనీయకండి. ఇవేవీ పెద్ద ఖర్చు కాదు. రెండు వందల ఏళ్ళ కిందట ఒక మనిషి దగ్గర చెంచా, కొవ్వొత్తి, నోటు పుస్తకం మాత్రమే ఉన్నాయి. వాటితోనే అంత చూశాడు. మనం కనీసం మన ఇంట్లోవాళ్ళ కాళ్ళు చూడలేమా?

— బి.ఎ. మూడో ఏడాది విద్యార్థిని